మూడు కర్రల నడుమ మన హైదరాబాదీ

మన మైదానాల చరిత్ర – 11వ భాగం

1963 జూన్ 11న మన దేశపు ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీం సాబ్ కన్నుమూయడంతో పోయిన వారం భాగం ముగిసింది. అది అచ్చయిన రెండో రోజున ఆర్మూర్ పసుపు యార్డుకు వెళ్లాను. అక్కడ బస్తాలు మోసే హమాలీ ఒకాయన నన్ను చూసి, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "సారూ, మీరు రాసింది మా బిడ్డ చదివి వినిపించింది. నేర్పినాయన గురించి రాసిన్రు, గోల్ కొట్టినోళ్ల గురించి రాసిన్రు. గోల్ ఆపినాయన పేరు ఒక్కసారే వచ్చింది. ఆయనెవరు?" అని అడిగాడు.

చిన్న వయసులో ఆయన కూడా గోల్ ముందు నిలబడ్డవాడేనట. బడిలో ఎవరూ ఒప్పుకోకపోతే తనను నిలబెట్టేవారట. అడిగి ఊరుకోలేదు, చేసి చూపించాడు. లారీ మీద నుంచి బస్తా జారుతుంటే కింద ఉన్నవాడు ఒట్టి చేతులు చాపి పట్టుకోడు. చేతుల వెనక ఛాతీ ఉండాలి, ఛాతీ కింద మోకాళ్లు వంగి ఉండాలి. బంతయినా బస్తా అయినా ఒళ్లు అడ్డం పెట్టి పట్టాలన్నది ఆయన లెక్క. గోల్‌కీపింగ్ నేర్పే పుస్తకాల్లో మొదటి పాఠం కూడా అదే. పసుపు దుమ్ము అంటిన ఆ అరచేతులు చూశాక, ముందు అనుకున్న వరస పక్కనపెట్టి ఈ వారం ఆ గోల్ ఆపిన పీటర్ తంగరాజ్ గురించే రాయాలని నిర్ణయించుకున్నాను.

తంగరాజ్ 1935 డిసెంబర్ 24న హైదరాబాదులో పుట్టారు. అప్పుడు మన ఆర్మూరూ నిజామాబాదూ నిజాం రాజ్యంలోవే. పేరు చూసి తమిళుడంటారు, ఇంటి భాష ప్రకారం నిజమే. కానీ సికింద్రాబాద్ కంటోన్మెంటు సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. బ్రిటిష్ ఫౌజు వెంట మద్రాసు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డాయి. తెల్ల సిపాయిలు సాయంత్రం ఆడే ఆటను ముందు కంచె బయటి నుంచి చూసి, ఆ తరువాత కంచె లోపలికి వెళ్లి ఆడి గెలిచినవారు ఈ బస్తీల పిల్లలే. అమ్ముగూడ తులసీదాస్ బలరాం కూడా ఆ మట్టిలోంచి వచ్చినవారే. హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో పాతబస్తీ ఉర్దూ, కంటోన్మెంటు తమిళం, మన తెలుగు ఒకే జట్టులో ఆడాయి. ఈ నేల మీద పుట్టి, ఈ మైదానాల్లో ఆట నేర్చినవారిని మనవారు కాదనడానికి నాకు మనసొప్పదు.

తంగరాజ్ మొదట మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బులకు ఆడారు. 1953లో సైన్యంలో చేరారు. ఊటీ దగ్గర వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లారు. అప్పటికి ఆయన గోల్‌కీపర్ కాదు, గోల్స్ కొట్టాల్సిన సెంటర్ ఫార్వర్డ్. ఆరడుగులు దాటిన మనిషి, పొడుగు చేతులు, గాల్లోకి లేస్తే అందరికంటే పైన తల. ఆ పొడుగును గోల్ కొట్టడానికి వాడేకన్నా గోల్ కాపాడటానికి వాడితే మేలని అక్కడివారికి తోచింది. ఆర్మూర్ ఆడ్తిలో వ్యాపారి పసుపు కొమ్మును పైన చూసి ధర కట్టడు, పుటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు. తంగరాజ్‌ను చూసినవారు కూడా అట్లాగే లోపలి రంగు చూశారు.

ఈ మార్పు ఎంత పెద్దదో ఆట ఆడనివారికి కొంచెం వివరంగా చెప్పాలి. గోల్ అంటే అడ్డంగా 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. రెండు నిలువు కర్రలు, పైన ఒక అడ్డ కర్ర. పెనాల్టీ గుర్తు నుంచి గోల్ గీత దాకా 11 మీటర్లు. సెంటర్ ఫార్వర్డ్ పది సార్లు తప్పినా ఒక్కసారి కొడితే భుజాల మీద ఊరేగిస్తారు. గోల్‌కీపర్ పది సార్లు ఆపి ఒక్కసారి వదిలితే ఆ ఒక్కటే మనసులో ఉండిపోతుంది. సెంటర్ ఫార్వర్డ్ మనసుతో పెరిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈ బరువును ఇష్టంగా తలకెత్తుకున్నాడు. అయితే ఆ పాత అలవాటు ఆయనకు కలిసొచ్చిందని నా నమ్మకం. బంతి కాలి మీద ఉన్నప్పుడు ఎదుటి ఫార్వర్డ్ ఏం ఆలోచిస్తాడో, ఏ మూలకు కన్ను వేస్తాడో తెలియాలంటే ఒకప్పుడు తానూ ఆ పని చేసి ఉండాలి.

ఆ కాలపు గోల్‌కీపింగ్‌ను ఇప్పటి టీవీ ఆటతో పోల్చి చూడకూడదు. బంతి తోలుది. వానలో నీళ్లు తాగి రాయిలా బరువెక్కేది. ఇప్పటిలా అరచేతికి రబ్బరు అంటించిన గ్లవ్స్ లేవు. గాల్లోకి లేచిన కీపర్‌ను ఎదుటి ఫార్వర్డ్ భుజంతో గుద్దినా రెఫరీ చాలాసార్లు చూసీచూడనట్టు వదిలేసేవాడు. పెద్ద టోర్నీల్లో ఆటగాడిని మార్చుకునే వీలే ఉండేది కాదు. ప్రపంచకప్‌లోనే సబ్‌స్టిట్యూట్ పద్ధతి 1970లో మొదలైంది. కీపర్‌కు వేలు విరిగితే విరిగిన వేలితోనే ఆట పూర్తి చేయాలి. ఇంకో సంగతి కూడా ఉంది. కీపర్‌కు విడిగా శిక్షణ ఇచ్చే మనిషి అనే మాటే అప్పుడు లేదు. జట్టంతా ఒకవైపు పరుగులు పెడుతుంటే కీపర్ గోల్ దగ్గర నిలబడి వచ్చిన బంతులు ఆపుకోవాలి. అదే సాధన. తంగరాజ్ తన పనిని చాలామటుకు తనకు తానే నేర్చుకున్నారు.

ఫలితం రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1955లోనే మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ కప్ గెలిచింది. 1958లో మళ్లీ గెలిచింది. రెండుసార్లూ గోల్ ముందు ఆయనే. సర్వీసెస్ జట్టుకు కెప్టెన్‌గా 1960లో సంతోష్ ట్రోఫీ తెచ్చారు. ఇక్కడ ఒక చిక్కు ముడి కనిపిస్తుంది. 1956–57లోనూ, 1957–58లోనూ వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది మన హైదరాబాద్. ఆ విజయాల్లో హైదరాబాదులో పుట్టిన దేశపు మేటి గోల్‌కీపర్ లేరు. ఫౌజులో ఉన్నవాడు ఫౌజు జట్టుకే ఆడాలి కాబట్టి ఆయన అవతలి వైపు ఉన్నారు. సొంత ఊరి జట్టుకు ఆడే అవకాశం ఉద్యోగం మింగేసిన ఆటగాళ్లు మన దేశంలో ఎందరో ఉన్నారు. ఊరి జ్ఞాపకంలో ఆయన పేరు పలచబడటానికి ఇది మొదటి కారణం.

ఇరవై ఒకటో ఏడు నిండకుండానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఆ జట్టులో ఇద్దరు కీపర్లు: బొంబాయి నుంచి ఎస్. ఎస్. నారాయణ్, ఫౌజు నుంచి తంగరాజ్. కోచ్ రహీం సాబ్. నాలుగేళ్ల కిందట 1952 హెల్సింకిలో మనవారు చలిలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు. ఆ దెబ్బ తరువాత బూట్లు తొడిగి, రహీం సాబ్ దగ్గర కొత్త పాఠాలు నేర్చిన జట్టిది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడయ్యారు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియానే, 1–4. కాంస్యం కోసం బల్గేరియాతో 0–3. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటిదాకా చేరిన పై మెట్టు అదే. అదే మెల్‌బోర్న్‌లో సోవియట్ యూనియన్ బంగారం గెలిచింది. దాని గోల్ ముందు నిలిచినవాడు లెవ్ యాషిన్. కీపర్ అంటే గీత మీద కట్టేసిన మనిషి కాదు, పెనాల్టీ బాక్స్ మొత్తానికి యజమాని అని ప్రపంచానికి చూపినవాడు. గోల్‌కీపర్లలో ఐరోపా మేటి ఆటగాడి బహుమతి, బాలన్ డి ఓర్, అందుకున్నది ఇప్పటికీ ఆయన ఒక్కడే, 1963లో. మన కుర్రాడు ఆ ఊళ్లో ఆ రోజుల్లోనే ఉన్నాడు.

1958లో టోక్యో ఆసియా క్రీడల్లో మనం నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. కానీ ఆ ఏడాది ఆసియా మేటి గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్నది తంగరాజే. ఆ తరువాత 1960 రోమ్ ఒలింపిక్స్. మన గ్రూపు చూడండి: హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 1–2. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన ఆ జట్టు చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్ మీద పీకే బెనర్జీ గోల్‌తో ఆధిక్యంలో ఉండగా ఆట చివర్లో వాళ్లు సమం చేశారు, 1–1. పెరూతో 1–3. పాయింట్ల పట్టిక చూసి అడుగున ఉన్నామని తేల్చేయడం తేలిక. ప్రపంచంలో ఫుట్‌బాల్‌ను శాసించిన దేశాల దాడిని తొంభై నిమిషాల చొప్పున మూడు ఆటల్లో ఎదుర్కొని, ఏ ఒక్కదానిలోనూ మూడుకు మించి గోల్ ఇవ్వని జట్టు అది. హెల్సింకిలో పది. రోమ్‌లో హంగరీకి ఇచ్చినవి రెండు. ఎనిమిదేళ్లలో మన రక్షణ ఎంత దూరం నడిచిందో ఆ రెండు అంకెల నడుమ ఉంది. ఆ తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు మళ్లీ అర్హత సాధించలేదు.

ఇక 1962. జకార్తా ఆసియా క్రీడలు.

ఈ కథ కొంత పోయిన వారం చెప్పాను. ఇప్పుడు గోల్ కర్రల దగ్గర నిలబడి అదే ఆటను మళ్లీ చూద్దాం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండొనేషియా రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి. డి. సోంధి బహిరంగంగా తప్పుపట్టారు. దాంతో జకార్తా వీధుల్లో మన మీద ఆగ్రహం రేగింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆటగాళ్లు బస్సులో తలలు కిందికి వంచుకుని ప్రయాణించామని తరువాత చెప్పుకున్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2 ఓటమి. థాయిలాండ్ మీద 4–1తో గెలిచారు గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2–0. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2. ఆ ఆటలో గోల్ కాపాడినవారు బెంగాలీ యువకుడు ప్రద్యుత్ బర్మన్. తంగరాజ్ జ్వరంతో మంచం పట్టి ఉన్నారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియా. సెమీఫైనల్ గెలిపించిన కీపర్‌ను కూర్చోబెట్టి, జ్వరం నుంచి లేచిన కీపర్‌ను దించడం ఏ కోచ్‌కైనా కష్టమైన నిర్ణయం. రహీం సాబ్ ఆ పని చేశారు. కొరియా వాళ్లు రెక్కల వైపు నుంచి బంతిని ఎత్తుగా బాక్స్‌లోకి వేస్తారు. అలాంటి బంతికి పొడుగు చేతులు కావాలి, ఆకాశంలోకి లేచి రెండు చేతులా దించుకునే ధైర్యం కావాలి. కుట్లు పడ్డ తలతో జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఆ రెండు ఎత్తులూ ఒకే మెదడులోంచి వచ్చాయి. అప్పటికే ఆ మనిషిని క్యాన్సర్ లోపల తినేస్తోంది. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను పిలిచి, తనకు ఈ బంగారం కానుకగా ఇవ్వమని అడిగారని ఆ జట్టువారు బతికున్నంతకాలం చెప్పుకున్నారు.

సెనయాన్ స్టేడియంలో లక్షమంది. మన జాతీయగీతం వినపడనంత అరుపులు. ఆ హోరులో మనకోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ చేశారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్, అదే కుట్ల తలతో ఆడుతూ, రెండోది చేశారు. అక్కడి నుంచి ఆట ఎవరి భుజాల మీదికి వచ్చిందో చెప్పనక్కర్లేదు. ఇంకా డెబ్బై నిమిషాలు. రెండు గోల్స్ వెనకబడ్డ జట్టు, వెనక్కి చూడకుండా ముందుకు దూకే జట్టు, మనల్ని ఒకసారి ఓడించిన జట్టు. దానికి తోడు స్టేడియం దాదాపు మొత్తం వాళ్ల వైపే. గోల్ ముందు త్రిలోక్ సింగ్, చంద్రశేఖర్, అరుణ్ ఘోష్. వాళ్ల వెనక జ్వరం నుంచి లేచిన తంగరాజ్. 85వ నిమిషం దాకా గోల్ పోలేదు. అప్పుడు ఒకటి పోయింది. మిగిలిన అయిదు నిమిషాలు ఎట్లా గడిచాయో ఊహించుకోండి. చివరి ఈల మోగేసరికి 2–1. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మనకు దక్కడం అదే ఆఖరిసారి.

ఆ రోజు బరిలో దిగిన పదకొండు మందిలో హైదరాబాదువారు ముగ్గురు: తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం. గట్టు మీద రహీం సాబ్. నా దగ్గర ఇంకో లెక్క ఉంది, అది చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. అర్జున పురస్కారం 1961లో మొదలైంది. ఫుట్‌బాల్‌లో మొదటి ఏడేళ్లు వరసగా అందుకున్నవారు పీకే బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్. ఏడుగురూ జకార్తా ఫైనల్ ఆడినవారే. 1967లో తంగరాజ్‌కు వచ్చిన అర్జున, ఒక ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కు దక్కిన మొదటి అర్జున. గోల్ కొట్టినవారందరి తరువాత, వరసలో చివర. అయినా వచ్చింది.

నడుమ 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్ ఉంది. నాలుగు జట్లు. దక్షిణ కొరియాను 2–0తో, హాంగ్‌కాంగ్‌ను 3–1తో ఓడించి, ఇజ్రాయెల్ చేతిలో 0–2తో ఓడి రెండో స్థానంలో నిలిచాం. రహీం సాబ్ పోయిన ఏడాదికి, ఆయన తయారుచేసిన మనుషులతో వచ్చిన రెండో స్థానం అది. ఆసియా కప్‌లో ఈనాటికీ మన మేటి ఫలితం అదే.

ఫౌజు వదిలాక తంగరాజ్ జీవితం కలకత్తాది. 1960లో మహమ్మడన్ స్పోర్టింగ్, ఆ తరువాత మోహన్ బగాన్, 1965 నుంచి 1971 దాకా ఈస్ట్ బెంగాల్. కలకత్తా సంగతి తెలియనివారికి ఇది మూడు పేర్ల జాబితాలా కనిపిస్తుంది. అక్కడ ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలీస చేప ధర, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుందంటారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు జట్టు పేరు మీద మాటలు మానేసిన ఊరు. అలాంటిచోట మూడు జట్ల గోల్ కాపాడి మూడు జట్లవారి చేతా పెద్దవాడనిపించుకోవడం చిన్న విషయం కాదు. పైగా కలకత్తా లీగ్ వానాకాలంలో ఆడతారు. మైదానం నాట్లు వేసిన మడిలా ఉంటుంది. బంతి ఒకచోట పడి ఇంకోచోట లేస్తుంది, ఒక్కోసారి బురదలో దిగబడి లేవనే లేవదు. అందులో పదేళ్లకు పైగా నిలిచిన కీపర్‌కు మోకాళ్లు, భుజాలు ఏ స్థితిలో ఉండి ఉంటాయో యార్డులో నాతో మాట్లాడిన హమాలీని అడిగితే చెబుతాడు.

1971లో ఆట విరమించారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. అక్కడి నుంచే ఆయన రెండో జీవితం మొదలవుతుంది. చరిత్ర రాసేవారు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఇదే ముఖ్యం.

గోల్‌కీపర్ కోచ్ కావడం ప్రపంచ ఫుట్‌బాల్‌లోనే అరుదైన దారి. జట్లను నడిపించే పని చాలావరకు నడిమి మైదానంలో ఆడినవారికో, ఫార్వర్డ్‌లకో దక్కుతుంది. కీపర్ ఆట వేరు, జట్టు ఆట వేరు అనే అపోహ దీనికి కారణం. కానీ ఆలోచించండి. మైదానంలో ఉన్న పదకొండు మందిలో పది మంది వీపులు కనిపించేది ఒక్కడికే. ఎవరు అలిసిపోయారో, ఎవరు తన చోటు వదిలి జరిగారో, ఏ వైపు ఖాళీ పడిందో ముందుగా తెలిసేది అతనికే. తొంభై నిమిషాలూ అరిచి సర్దేది అతనే. ఇటలీ కీపర్ డినో జోఫ్ 1982లో నలభై ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచకప్ ఎత్తారు. కోచ్ అయ్యాక అదే ఇటలీని 2000లో యూరో ఫైనల్‌కు చేర్చారు. బెల్జియం కీపర్ రేమండ్ గోథాల్స్ 1993లో ఫ్రాన్స్ క్లబ్ మార్సేను యూరప్ విజేతను చేశారు. అక్కడ ఆట నుంచి తప్పుకున్న కీపర్‌ను వెతికి పనిలో పెట్టుకునే క్లబ్బులు, వేతనాలు, కోచింగ్ లైసెన్సులు ఉన్నాయి. మన దగ్గర 1971లో ఉన్నవి ఏమిటి? కంపెనీ ఉద్యోగాలు, కాలేజీ మైదానాలు.

తంగరాజ్ ఆ దారిలోనే నడిచారు. గోవాలో వాస్కో క్లబ్‌కు శిక్షణ ఇచ్చారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కుర్రాళ్లకు నేర్పారు. ఆ తరువాత బొకారో ఉక్కు కర్మాగారం. సోవియట్ సాయంతో కట్టిన ఆ ఫ్యాక్టరీ, అప్పటి బీహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉంది. బొగ్గుగనుల నడుమ కొత్తగా మొలిచిన ఊరు. దేశమంతటి నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు, చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల పిల్లలు అక్కడి మైదానాల్లో ఆడేవారు. రెండు ఒలింపిక్స్ చూసిన మనిషి ఆ పిల్లల దగ్గర స్థిరపడ్డారు. అకాడమీ పెట్టి, చివరిదాకా దాని బాధ్యత చూశారు. 2008 నవంబర్ 24న, ఇంకో నెలకు డెబ్బై మూడు నిండుతాయనగా, బొకారోలోనే తుదిశ్వాస విడిచారు.

పెద్ద జట్టును నడిపించే కుర్చీ ఆయనకు దక్కలేదు. దేశానికి బంగారం తెచ్చిన కీపర్‌ను దేశపు కీపర్లకు గురువుగా పెట్టుకోవాలన్న ఆలోచన ఆ రోజుల్లో మన ఫుట్‌బాల్‌ను నడిపినవారికి రాలేదు. అది ఆయన లోపం కాదు, మన లోపం. తనకు తానే కష్టపడి నేర్చుకున్న విద్య ఒక మనిషి దగ్గర ఉంది. అది రాసి ఉంచలేదు, చిత్రీకరించలేదు, రాష్ట్రం నుంచి రాష్ట్రానికి పంచలేదు. ఒక పరిశ్రమ ఊళ్లో కొందరు పిల్లలకు మాత్రం అందింది. వాళ్ల అదృష్టం.

హైదరాబాద్ విషయానికొస్తే ఇంకా నొప్పి. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టున్న ఊరు అది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. 1–1తో సమమైతే పెనాల్టీల దాకా వెళ్లింది. అక్కడ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చారు. మళ్లీ ఒక గోల్‌కీపర్! ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నాకు తంగరాజ్ గుర్తొచ్చారు. హైదరాబాద్ పేరుతో ఆడిన ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

అయినా మన జిల్లా నేల ఒట్టిపోలేదు. కిసాన్ నగర్ తండా నుంచి బయలుదేరిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. ఇప్పుడు ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతోంది, తంగరాజ్ ఆరేళ్లు గోల్ కాపాడిన అదే క్లబ్. 2024–25కు దేశపు మేటి మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంపిక చేసింది. నిజామాబాద్ తండా నుంచి కలకత్తా క్లబ్ దాకా దారి ఉందని ఆ అమ్మాయి రుజువు చేసింది. ఆమె ఫార్వర్డ్. మనకింకా కావాల్సింది కీపర్.

సాయంత్రం సిద్ధులగుట్ట కింద పిల్లలు ఆడుతుంటే చూస్తూ ఉంటాను. రెండు ఇటుకలు పెట్టి గోల్ అంటారు. జట్లు పంచుకున్నాక ఆఖరున మిగిలినవాడిని, లేదా ఆలస్యంగా వచ్చినవాడిని "నువ్వు గోల్ల నిలబడు" అంటారు. ఆ పిల్లవాడి మొహం చిన్నబోతుంది. వాడికి దుమికేటప్పుడు ఏ పక్క నేలకు తగలాలో చెప్పేవారు లేరు. బంతి వచ్చినప్పుడు ముందుకొస్తే గోల్ చిన్నదవుతుందని, వెనక గీత మీదే నిలబడితే పెద్దదవుతుందని చెప్పేవారు లేరు. మన బడుల్లో పీఈటీ సార్లకు నా మనవి ఒక్కటే. వారానికి ఒక్క గంట కీపర్‌కు విడిగా ఇవ్వండి. రాళ్లు ఏరేసిన మెత్తని మట్టి ఒక మూల చేయించండి. పొడుగు చేతుల పిల్లవాడో పిల్లో కనిపిస్తే, ఆఖరున మిగిలారని కాకుండా, మొదట ఎంచుకుని అక్కడ నిలబెట్టండి.

పాఠకులకు ఇంకొక విన్నపం. ఆర్మూర్, పెర్కిట్, అంకాపూర్, బాల్కొండ, నిజామాబాద్ వైపు 1950, 60లలో ఫుట్‌బాల్ ఆడిన పెద్దల ఫొటోలు, కప్పులు, ఆహ్వాన పత్రికలు మీ ఇళ్లలో ఉంటే పత్రిక చిరునామాకు నకలు పంపండి. జట్టు ఫొటోలో ఉన్నవారి పేర్లు వెనక రాసి పంపండి, ముఖ్యంగా నడుమ బంతి పట్టుకుని నిలబడ్డవారి పేరు. ఈ ధారావాహికలో మన జిల్లా జట్ల భాగం వాటితోనే రాయాలని ఉంది.

వచ్చే వారం: అమ్ముగూడ బలరాం.